జనం వద్దన్నా మరణశిక్ష రద్దు చెయ్యొచ్చా? బదాంతేర్ చేసింది సబబేనా?

వాదప్రియ:
1981లో ఫ్రాన్సులో ఉరిశిక్ష రద్దు చేయించిన న్యాయమంత్రి రోబేర్ బదాంతేర్‌ని అందరూ ఆకాశానికెత్తుతారు. నాకు మాత్రం ఒకటి మింగుడుపడదు. అప్పటి సర్వేల్లో నూటికి అరవై మందికి పైగా ఆ శిక్ష ఉండాల్సిందే అన్నారు. ఏళ్ల తరబడి కోర్టుల్లో దాని మీద పోరాడిన లాయరు, మంత్రి కుర్చీ ఎక్కగానే తన కేసు తానే గెలిపించుకున్నాడు. ఇక జనం మాటకు విలువేముంది?

నల్లకోటు:
ముందు చిన్న సవరణ సార్. అక్కడ ఉరి కాదు, గిలెటిన్, అంటే తల నరికే యంత్రం. ఇక చాటుగా జరిగిందేమీ లేదు. ఆ ఏడాది మార్చిలో, పోలింగుకి ముందే, అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మిత్తెరాండ్ టీవీలో కూర్చుని నేను మరణశిక్షకు వ్యతిరేకిని అని చెప్పాడు. ఓట్లు పోతాయని తెలిసే చెప్పాడు. మేలో గెలిచాడు. సెప్టెంబరు 18న జాతీయ సభలో బిల్లుకు అనుకూలంగా 363, వ్యతిరేకంగా 117. ప్రతిపక్షంలో ఉన్న షిరాక్ కూడా అనుకూలంగానే ఓటేశాడు. ఎగువ సభ సెనేట్‌లో మెజారిటీ రైట్‌వింగ్ ప్రతిపక్షానిదే, అయినా 160–126తో నెగ్గింది. ఒక్క లాయరు సొంత కేసులా ఉందా ఇది?

వాదప్రియ:
గెలిపించినంత మాత్రాన ఆయన చెప్పిన ప్రతి మాటకీ జనం సంతకం పెట్టినట్టా? సరే, పాత్రిక్ ఆన్రీ సంగతేంటి? ఏడేళ్ల పిల్లాణ్ణి చంపినవాడు. 1977లో త్రువా కోర్టులో బదాంతేర్ వాదించి వాడి తల కాపాడాడు. 2001లో విడుదలైతే, మరుసటి ఏడాదే స్పెయిన్‌లో గంజాయి సరుకుతో దొరికాడు. ఆ పిల్లాడి కన్నవాళ్లకి ఏం చెప్తారు?

నల్లకోటు:
దానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. కానీ అదే త్రువా కోర్టులో ఐదేళ్ల ముందు జరిగింది కూడా చూడండి. క్లెర్వో జైల్లో బ్యుఫే, బోంతాం అనే ఇద్దరు ఖైదీలు ఒక నర్సునీ ఒక గార్డునీ బందీలుగా పట్టుకున్నారు. ఆ ఇద్దరి ప్రాణాలూ పోయాయి. చంపింది బోంతాం కాదని జ్యూరీయే తేల్చింది. అయినా మరణశిక్షే వేసింది. అధ్యక్షుడు పోంపిదు క్షమాభిక్ష నిరాకరించాడు. 1972 నవంబరు 28 తెల్లవారుజామున పారిస్ జైల్లో, చంపనివాడి తల తెగిపడుతుంటే వాడి లాయరు అక్కడే ఉన్నాడు. ఆ లాయరే బదాంతేర్. అంతకుముందూ ఆయనకు మరణశిక్ష ఇష్టం లేదు, కానీ పంతం పట్టింది మాత్రం ఆ రోజు నుంచే. దీన్ని మీరు పక్షపాతం అంటారేమో, నేను కళ్లారా చూసిన సాక్ష్యం అంటాను.

పక్కబెంచీ:
అన్నలూ, ఇద్దరూ గిలెటిన్ దగ్గరే ఆగిపోయారు. బదాంతేర్ బాధితుల్ని మర్చిపోయాడు అనేవాళ్లు 1985 నాటి రోడ్డు ప్రమాదాల చట్టం చూడాలి. కారు గుద్దితే నడిచేవాడి తప్పు కొంత ఉన్నా పరిహారం దక్కేలా చేసింది. జనం రోజూ వాడుకునే చట్టం, దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

నా అభ్యంతరం వేరే. 1986లో పార్లమెంటు ఎన్నికలకి కొద్ది వారాల ముందు మిత్తెరాండ్ ఆయన్ని నేరుగా మంత్రి పదవి నుంచి రాజ్యాంగ మండలి (చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయో లేదో తేల్చే సంస్థ) అధ్యక్షుడిగా పంపాడు. నిన్నటిదాకా జట్టులో ఆడినవాడు ఇవాళ అంపైర్! దీన్నెవరూ అడగరేం?

వాదప్రియ:
తమ్ముడూ, ఇది నాకు తట్టలేదు. నల్లకోటు గారూ, దీనికైనా జవాబుందా?

నల్లకోటు:
ఉంది, కాస్త బలహీనంగానే. అక్కడ తొమ్మిదేళ్లు ఒకటే పదవీకాలం, మళ్లీ ఇవ్వరు. పంపినవాడి మెప్పు కోసం ఎదురుచూసే పని లేదు. నియమించిన సమయం మాత్రం... దాన్ని నేనూ సమర్థించలేను.