ఒడిశాలో కాశీనగరం–పర్లాకిమిడి రోడ్డు వెడల్పు: పురావస్తు సర్వే అంటే అసలు ఏం చేయాలి?

వంశధార_గట్టు: డీపీఆర్‌లో (రోడ్డు పని వివరమైన ప్రాజెక్టు నివేదికలో) "పురావస్తు పరిశీలన" అని ఒక పద్దు ఉంది, వివరం లేదు. 300 మీటర్లలోపు ఏఎస్ఐ (కేంద్ర పురావస్తు సర్వే శాఖ) రక్షిత కట్టడం ఏదీ లేదు. ఆ మాటే రాసి సంతకం పెట్టేస్తే సరిపోదా? నడిచి చూడాలంటే ఎంతమంది కావాలి?

లెవెల్‌బుక్: సరిపోదండీ. ముందు ఆ 300 ఎక్కణ్ణుంచి కొలిచారో చూడండి. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 నియంత్రితం. ఈ లెక్క రక్షిత స్థలం హద్దు దగ్గర మొదలవుతుంది, గుడి గోడ దగ్గర కాదు. మ్యాపులో గుడి మీద పిన్ను గుచ్చి తీసిన దూరం చెల్లదు. గంజాం జిల్లా జౌగడలో అశోకుడి శాసనం ఉన్న బండ ఒకచోట, కోట మట్టికట్ట ఎక్కడో దూరాన. పిన్ను దేని మీద గుచ్చుతారు?

పైగా జాబితాకెక్కనివే ఎక్కువ. రోడ్డు వెంట 60 మీటర్ల వెడల్పు పట్టీకి నలుగురు, మనిషికీ మనిషికీ 15 మీటర్ల ఎడం, రోజుకు మూడు కిలోమీటర్లు. అంతకన్నా జోరుగా నడిస్తే కళ్లు నేల మీద ఉండవు. వరి కోసి, దుక్కి దున్ని, ఒక వాన పడ్డాక వెళ్లండి; పాత కుండ పెంకుల మీద మట్టి కడుక్కుపోయి ఎరుపు, నలుపు తేటగా కనబడతాయి. ప్రతి మడికీ నేల ఎంత కనబడిందో రాయాలి. "ఏమీ లేదు" వేరు, "గడ్డి వల్ల చూడలేకపోయాం" వేరు. రిపోర్టుల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు, అదే పెద్ద తప్పు.

జోను44: ఆ రోడ్డుకే ఉన్న చిక్కొకటి. 84 డిగ్రీల రేఖాంశం కాశీనగరానికీ పర్లాకిమిడికీ మధ్యన పడుతుంది. మ్యాపులో మీటర్ల కొలతకు వాడే యూటీఎం పద్ధతిలో ఇటు జోను 44, అటు 45. జోను మార్చకుండా ఈస్టింగ్ (తూర్పు దిశ కొలత) ఎక్కిస్తే పాయింటు ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు ఎగిరిపోతుంది. ఫీల్డులో అక్షాంశ రేఖాంశాలు ఐదు దశాంశాల దాకా రాసుకుని, ఆఫీసులో ఒకే జోనులోకి మార్చుకోండి.

దిబ్బల_లెక్క: పైవాళ్లు చెప్పింది రోడ్డు పట్టీ వరకే. అసలు నష్టం మట్టి తవ్వే చోట. రోడ్డు కట్టకు మట్టి కావాలంటే ఎత్తుగా, దగ్గరగా ఉన్న దిబ్బే కంట్రాక్టరు కంట పడుతుంది. పాత ఊరి పాటిదిబ్బ (జనం వదిలేసిన ఊరు మట్టైపోయిన దిబ్బ) కూడా అలాగే ఉంటుంది. బారో ఏరియాలు (మట్టి తవ్వే చోట్లు), క్యాంపు, మట్టి పారబోసే చోటు మూడూ సర్వేలో చేర్చండి. పొలాలకు పాటిమన్ను ఎక్కణ్ణుంచి తోలేవారని రైతులనడగండి, టోపోషీట్‌లో (సర్వే మ్యాపులో) దొరకనిది అక్కడ దొరుకుతుంది. బూడిదరంగు మన్ను, పెంకులు, ఎముక ముక్కలు కలిసి కనబడితే మీరు తవ్వకండి, తవ్వడానికి ఏఎస్ఐ లైసెన్సు కావాలి. ఫొటో తీసి, హద్దు గీసి, భువనేశ్వర్‌లోని రాష్ట్ర పురావస్తు శాఖకు రాయండి.

వంశధార_గట్టు: పని మొదలయ్యాక బయటపడితే?

దిబ్బల_లెక్క: పని ఆపి, చుట్టూ తాడు కట్టించి, తహసీల్దారు ద్వారా కలెక్టరుకు తెలపాలి. పది రూపాయలకు మించిన విలువైన నిక్షేపమైతే 1878 నాటి చట్టం ప్రకారం తెలపడం తప్పనిసరి. అన్నట్టు, జేసీబీ ఆగిన గంటలకు డబ్బు ఎవరిస్తారో టెండరులోనే రాయించండి. అది లేకపోతే బకెట్లో కుండ వచ్చినా ఆపరేటరు నోరు విప్పడు.