ఇంటికి వచ్చే నర్సులకు పడకపుండ్ల విషయంలో ఫోన్‌లో ఇచ్చే శిక్షణ సరిపోతుందా?

సీతమ్మధార నివాసి:
పక్షవాతంతో మంచం పట్టిన మా నాన్నగారి కోసం ఒక ఏజెన్సీ ద్వారా నర్సును పెట్టుకున్నాం. పడకపుండ్ల సంరక్షణలో ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేసినట్టు సర్టిఫికెట్ చూపించారు. అయినా నెల తిరగకుండానే నడుము కింది ఎముక మీద చర్మం కమిలి, పగిలి, లోపలి కొవ్వు కనిపించేంత పుండు పడింది. అది మూడో దశ. ఆవిడ గాలి నింపిన రింగు మీద ఆయన్ను పడుకోబెట్టేవారు. ఆ రింగు అంచుల దగ్గర ఒత్తిడి పెంచి మధ్య భాగానికి రక్తం సరిగా అందనివ్వదని, దాన్ని వాడనేకూడదని తరవాత చూసిన డాక్టరు గారు చెప్పారు. వార్డులో రోగి పక్కన నిలబడి నేర్చుకోనిది శిక్షణే కాదని నా అభిప్రాయం.

ఇంటి నర్సు:
మీ నాన్నగారి సంగతి చదివి బాధ కలిగిందండీ. అయితే రింగు వాడకూడదని నేను చేసిన కోర్సులో స్పష్టంగానే ఉంది. మేము చదువుకున్న రోజుల్లో ఎర్రబడిన చోట స్పిరిట్ రాసి, మర్దన చేసి, పౌడర్ చల్లమని నేర్పారు. అలా రుద్దితే అప్పటికే దెబ్బతిన్న కండ ఇంకా నలుగుతుందని నాకు తెలిసింది ఫోన్ పాఠంలోనే. బ్రేడెన్ స్కేలు కూడా అక్కడే వచ్చింది: స్పర్శ, తేమ, చురుకుదనం, కదలిక, ఆహారం, రాపిడి అనే ఆరింటికీ మార్కులు వేసి, మొత్తం 23కు 18 గానీ అంతకన్నా తక్కువ గానీ వస్తే పుండు పడే ప్రమాదం ఉందని గుర్తిస్తాం. పెందుర్తి నుంచి ఎంవీపీ కాలనీకి డ్యూటీకి వెళ్లివచ్చే నాలాంటివారికి వార్డులో క్లాసు పెట్టేదెవరు?

గాజువాక మిత్రుడు:
రెండు గంటలకోసారి పక్కకు తిప్పితే పుండే పడదు. దీనికి కోర్సు ఎందుకు?

ఇంటి నర్సు:
రెండు గంటలన్నది అందరికీ ఒకే లెక్క కాదండీ. రోగి చర్మం, కదలిక, కింద వేసిన పరుపు చూసి వేళ నిర్ణయించుకోవాలని 2019 అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

గాజువాక మిత్రుడు:
మా అమ్మను చివరివరకూ రెండు గంటలకోసారే తిప్పాం, ఒక్క పుండూ లేదు. నాకు అదే ప్రమాణం.

విశ్రాంత సిస్టర్:
గంటల గురించి వాదించుకుంటూ అసలు చూడవలసిన చర్మాన్ని వదిలేస్తున్నారు. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ రంగు రావాలి. తెల్లబడకపోతే అది మొదటి దశ. కానీ చామనచాయ, నలుపు చర్మం మీద ఈ మార్పు కంటికి సరిగా ఆనదు. అక్కడ ముట్టుకుంటే చుట్టుపక్కల కన్నా వేడిగానో చల్లగానో, గట్టిగానో మెత్తగానో తగులుతుంది. నేను చూసిన వీడియోలన్నింటిలో చూపించినవి తెల్లని చర్మాలే. పైగా మన విశాఖ ఉక్కపోతలో వీపు ఎప్పుడూ చెమటతో నానుతుంటుంది. తడికి ఒరిసిన చర్మానికీ ఒత్తిడికి దెబ్బతిన్న చర్మానికీ తేడా పట్టుకోవడం పక్కన ఒక సీనియర్ ఉండి చేయి పట్టుకుని చూపిస్తేనే అలవడుతుంది.

సీతమ్మధార నివాసి:
నేను చెబుతున్నదీ అదే. మా ఇంటికి వచ్చినావిడకు చర్మం చూడడమే రాదు. రాత్రిళ్లు నిద్రపోయి, నాన్నగారిని వేళకు తిప్పినట్టు పొద్దున్నే చార్టులో అన్ని గడులూ నింపేసేవారు.

ఇంటి నర్సు:
ఇక నేనూ మొహమాటం లేకుండా చెబుతాను. 12 గంటల డ్యూటీలో ఒక్కదాన్నే ఉంటాను. బరువైన మనిషి మంచం కిందివైపుకు జారితే ఇద్దరు కలిసి, కింద పరిచిన దుప్పటితో పైకెత్తి జరపాలని కోర్సు చెబుతుంది. ఒక్కరే లాగితే చర్మం పరుపుకు అంటుకుపోతుంది, లోపల ఎముక జరుగుతుంది, మధ్యలో రక్తనాళాలు సాగి మూసుకుపోతాయి. రెండో మనిషిని పంపమంటే ఏజెన్సీ పంపలేదు. ఎయిర్ బెడ్, అంటే ఒత్తిడి ఒకేచోట పడకుండా చూసే గాలి పరుపు, కొనమంటే నేను డ్యూటీ చేసిన ఇంటివారు కొనలేదు. చివరికి పుండు పడ్డాక ఏజెన్సీవారు నా సర్టిఫికెట్ తీసి, "నేర్పించాం కదా, తప్పు నీదే" అని జీతంలో కోత పెట్టారు. ఆ కోర్సు నా సొంత డేటాతో, డ్యూటీ అయ్యాక రాత్రిళ్లు కూర్చుని చేశాను. దానికి ఒక్క రూపాయి ఇవ్వలేదు.

సీతమ్మధార నివాసి:
మాకు ఇచ్చిన బిల్లులో "ప్రత్యేక శిక్షణ పొందిన నర్సు" అని రాసి మామూలు కన్నా ఎక్కువ తీసుకున్నారు. ఆ డబ్బు మీ నర్సులకు చేరలేదని ఇప్పుడే తెలుస్తోంది. మరి నేను ఎవరిని అడగాలి?

విశ్రాంత సిస్టర్:
ఏజెన్సీనే అడగాలి బాబూ. పాఠం ఫోన్‌లో వినిపించడంలో తప్పు లేదు. ఆ తరవాత మొదటి డ్యూటీలో ఒక సీనియర్ ఆ ఇంటికే వచ్చి, తల నుంచి మడమల వరకు చర్మమంతా ఆ అమ్మాయి చేత చూపించి, పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా లేపడం చేయించి, అప్పుడు సంతకం చేయాలి. ఇది చేయకుండా సర్టిఫికెట్ ఇవ్వడమంటే బాధ్యతను ఆ అమ్మాయి మీదికి తోసేయడమే.

మధురవాడ వాసి:
సిస్టర్ గారితో ఏకీభవిస్తున్నాను.

ఇంటి నర్సు:
సీనియర్ వస్తే మాకూ ధైర్యమే. ఆ రాకకు అయ్యే ఖర్చు బిల్లులో వేస్తే ఇంటివారు ఒప్పుకుంటారా అన్నది నా అనుమానం.

సీతమ్మధార నివాసి:
ఆ రోజు చర్మం ఎలా ఉందో తేదీ వేసి, రాసి, సీనియర్ సంతకంతో నా చేతికిస్తే ఆ ఖర్చు ఇస్తాను. ఇద్దరు కావలసిన పనికి ఒక్కరినే పంపితే మాత్రం ఆ సంతకాన్నీ నమ్మను.