చెక్కు వాపస్ వచ్చింది, పాత బిల్లు బాకీ వేరే ఉంది. ఏ ఊరి వకీలును పెట్టుకోవాలె?

షెడ్డు_మిర్యాలగూడ

రైస్ మిల్లులకు ఎలివేటర్లు, హాపర్లు చేసిచ్చే చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు మాది. జీఎస్టీ, ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) రెండూ ఉన్నయి. జడ్చర్ల దిక్కు ఒక మిల్లుకు రెండు బిల్లుల మీద సామాను పంపినం. మొదటి బిల్లులో 2,80,000 ఆగింది. రెండో బిల్లు 4,00,000కు చెక్కు ఇచ్చిండు, ఆ తర్వాత 50,000 ఫోన్‌పే కొట్టిండు. చెక్కు మిర్యాలగూడలో మా బ్యాంకుల వేస్తే ఖాతాల పైసలు లేవని తిరిగొచ్చింది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే మెమో చేతికొచ్చి 11 రోజులైంది. పోలీస్ స్టేషన్‌కు పొమ్మని కొందరు, హైదరాబాద్ వకీలు అయితేనే పని అయితదని ఇంకొందరు అంటున్నరు. ఒకాయన ఫీజు వద్దు, వసూలైన దాంట్ల 15 శాతం ఇయ్యమంటున్నడు. ఏం చేయాలె?

నల్లకోటు_నల్లగొండ

పోలీస్ స్టేషన్ సంగతి పక్కన పెట్టండి. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద చెక్కు కేసు పోలీసులు నమోదు చేసేది కాదు, మీరే మేజిస్ట్రేట్ ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు వేయాలి. ఏ కోర్టు అంటే, చెక్కు జమ చేసిన మీ ఖాతా ఏ బ్రాంచిలో ఉందో ఆ ఊరి కోర్టు. 2015 సవరణ తర్వాత పద్ధతి ఇదే. అంటే కేసు మిర్యాలగూడలోనే నడుస్తుంది. రోజూ ఆ కోర్టుకొచ్చే వకీలు చాలు. హైదరాబాద్ నుంచి పిలిస్తే ప్రతి వాయిదాకు రానుపోను ఖర్చు మీద పడుతుంది, చివరికి వచ్చేది ఆయన జూనియరే.

మెమో సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. మీకు ఇంకా 19 రోజులున్నాయి. నోటీసు అందిన నాటి నుంచి అవతలి వాళ్లకు 15 రోజుల గడువు, అది దాటాక నెల రోజుల్లో ఫిర్యాదు. ఫిర్యాదు ఆలస్యమైతే సరైన కారణం చూపి మన్నించమని కోర్టును అడగొచ్చు. నోటీసు ఆలస్యానికి ఆ వీలు లేదు. అప్పుడు చెక్కు తేదీ నుంచి 3 నెలలు దాటకపోతే మళ్లీ బ్యాంకులో వేసి, కొత్త మెమో మీద నోటీసు ఇచ్చుకోవాలి.

మీ కేసులో అసలు చిక్కు ఆ 50,000. అది చెక్కు బాకీ కిందికే వచ్చిందని తేలితే, చెక్కు వేసిన రోజుకు బాకీ 3,50,000 మాత్రమే అవుతుంది. చెక్కు వెనక ఆ జమ రాయకుండా మొత్తానికి వేశారని కేసు కొట్టేస్తారు, సుప్రీంకోర్టు 2022లో ఈ మాట తేల్చి చెప్పింది. ఏ బాకీ కిందో చెప్పకుండా పంపి ఉంటే మాత్రం దేనికి జమ కట్టుకోవాలో ఎంచుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 60వ సెక్షన్ మీకిస్తుంది. అందుకే ఫోన్‌పే మెసేజ్‌లో ఏముందో, ఆ రోజు లెడ్జర్‌లో ఎట్లా రాశారో ముందు చూడండి. లెడ్జర్ ఇప్పుడు దిద్దొద్దు.

నోటీసులో అడగాల్సింది సరిగ్గా 4,00,000. కోపం కొద్దీ పాత బాకీ, వడ్డీ, నోటీసు ఖర్చు అన్నీ కలిపి ఒకే మొత్తం రాస్తే నోటీసే చెల్లదు. పాత బాకీకి వేరే ఉత్తరం రాయించండి.

15 శాతం అన్నాయనకు దండం పెట్టండి. వసూలులో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం. నోటీసుకెంత, ఫిర్యాదుకెంత, సాక్ష్యం దశకెంత అని విడివిడిగా రాయించుకుని రసీదు తీసుకోండి. వకాల్తా కాగితం ఖాళీగా సంతకం పెట్టొద్దు. రాజీ కుదుర్చుకునే, డబ్బు తీసుకునే అధికారం కూడా అందులో ఉంటుంది, చదివి వద్దనుకున్నది కొట్టేయించండి. అసలు చెక్కు, మెమో ఇచ్చేటప్పుడు చేతిరాత రసీదైనా ఉండాలి. కేసు పడ్డాక సీఎన్ఆర్ నంబరు (కోర్టు ప్రతి కేసుకూ ఇచ్చే గుర్తింపు నంబరు) అడిగి తీసుకుంటే వాయిదాలు ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు.

జమాఖర్చు_పాలమూరు

నోటీసు ఎవరి పేర పోవాలన్నది కూడా చూసుకోండన్నా. బోర్డు మీది పేరు నమ్మొద్దు. జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ల నంబరు కొడితే అసలు పేరు, అడ్రసు, సొంత వ్యాపారమా, భాగస్వామ్యమా, కంపెనీయా అన్నీ కనిపిస్తయి. భాగస్వామ్యమైతే సంస్థకూ భాగస్వాములకూ, కంపెనీ అయితే కంపెనీకీ వ్యవహారం చూసే డైరెక్టర్లకూ పంపాలె. కంపెనీ అయితే కేసులో దాన్ని వదిలేసి సంతకం పెట్టినాయన ఒక్కడినే పెడితే నిలబడదు. స్పీడ్ పోస్టులో పంపి ట్రాకింగ్ ప్రింటు తీసి పెట్టుకోండి. అడ్రసు సరైనదైతే, తీసుకోలేదని కవరు తిరిగొచ్చినా అందినట్టే లెక్క.

"సామాను బాగలేదు, ఆ చెక్కు జామీనుకిచ్చింది" అన్నది వాళ్లు చెప్పే మొదటి మాట. దానికి జవాబు సంతకం, ముద్ర ఉన్న డెలివరీ చలాన్, ఈ-వే బిల్లు, కాటా చీటీ. మీ బిల్లు మీద వాళ్లు జీఎస్టీ క్రెడిట్ వాడుకుని ఉంటే, సామాను అందలేదనడం కష్టం. వాట్సాప్ మాటలు తుడిచేయొద్దు, కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచేయాలె.

షెడ్డు_మిర్యాలగూడ

ఫోన్‌పేలో "పాత బిల్లు" అని రాసి ఉంది, లెడ్జర్‌లో కూడా మొదటి బిల్లు కిందనే జమ చేసినం. మరి ఆ మిగిలిన 2,30,000 సంగతి? చిన్న పరిశ్రమల బాకీల తగాదాలు చూసే ఎంఎస్ఎంఈ కౌన్సిల్‌కు పోవచ్చా? ఉద్యమ్ తీసుకున్నది మొదటి బిల్లు అయినంక.

నల్లకోటు_నల్లగొండ

అయితే చెక్కు కేసుకు అడ్డం లేదు, రేపే నోటీసు రాయించండి.

సుప్రీంకోర్టు 2021, 2022 తీర్పుల ప్రకారం సరుకు పంపే నాటికే ఉద్యమ్ ఉండాలి, తర్వాత తీసుకున్నది వెనక్కి వర్తించదు; 2025లో ఈ మాట పెద్ద బెంచికి పోయింది. కాబట్టి మొదటి బిల్లు మీద కౌన్సిల్‌కు పోతే నిలబడుతుందని నమ్మకం లేదు. దానికి సివిల్ దావాయే మేలు, సామాను దింపిన నాటి నుంచి 3 ఏళ్ల లోపు. 3 లక్షల లోపు కనుక కమర్షియల్ దావాకు ముందుండే మధ్యవర్తిత్వం నియమం దీనికి అడ్డురాదు. మీది రిజిస్టర్ కాని భాగస్వామ్యమైతే మాత్రం దావా నడవదు, అది ముందే వకీలుకు చెప్పండి.

రెండో బిల్లుకు ఉద్యమ్ ముందే ఉంటే చెక్కు కేసుతో పాటు కౌన్సిల్‌లోనూ వేయొచ్చు. గడువు రాసుకోకపోతే 15 రోజులు, రాసుకున్నా 45 రోజులు మించకూడదు. అది దాటినప్పటి నుంచి రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ. తీర్పు మీకు వస్తే, కొనుగోలుదారు దాన్ని సవాలు చేయడానికి ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. ఆ వడ్డీ లెక్క వేసి ఉత్తరంతో పంపితే కొందరు అక్కడే బేరానికి వస్తారు.