శ్రీనగర్ ట్యూలిప్ తోట: బెజవాడ నుంచి ఏ వారం వెళ్లాలి? దుంపలు తెచ్చుకోవచ్చా?

మేడతోట (విజయవాడ):
అమ్మానాన్నలతో శ్రీనగర్ ట్యూలిప్ తోట చూడ్డానికి టికెట్లు చేయించాలి. ఇద్దరికీ డెబ్భై దాటాయి. ఏ తేదీలు పెట్టుకుంటే పూలు నిండుగా ఉంటాయి? ఢిల్లీలో చూసినా సరిపోతుందా? అక్కడి స్టాళ్లలో దుంపలు కొని మన కుండీల్లో వేస్తే పూస్తాయా?

బ్రాడీపేట:
తోట మామూలుగా మార్చి ఆఖరి పది రోజుల్లో తెరుస్తారు, మూడు నాలుగు వారాలే ఉంటుంది. ఆ ఏడు చలిని బట్టి తేదీ మారుతుంది. ముందు పూసేవి, మధ్యలోవి, ఆలస్యంగా పూసేవి కలిపి 15 లక్షలకు పైగా దుంపలు నాటతారు. తెరిచిన రోజే వెళ్తే చాలా మళ్లలో ఆకులే కనిపిస్తాయి. ఏప్రిల్ మొదటి వారం మేలండి. గట్టి వాన కొడితే రేకులు రాలతాయి, వరసగా ఎండ కాస్తే పూలు త్వరగా వాడిపోతాయి. అందుకని శ్రీనగర్‌లో కనీసం మూడు రాత్రులు పెట్టుకుని, తోటకి వాతావరణం బాగున్న రోజు వెళ్లండి.

పొద్దున్నే చలికి పూలన్నీ ముడుచుకుని ఉంటాయి. పదింటికి గిన్నెలా విచ్చుకుంటాయి, ఫొటోలకు అదే సమయం. మధ్యాహ్నానికి బార్లా తెరుచుకుంటే కొన్ని రకాల్లో అడుగున నల్లమచ్చ కూడా కనిపిస్తుంది, అదీ చూడదగ్గదే. జబర్వాన్ కొండవాలులో మెట్లు మెట్లుగా ఉన్న తోట, 30 హెక్టార్లు. పెద్దవాళ్లని పైదాకా తీసుకెళ్లాలని పట్టు పట్టొద్దు.

ఇంకోటి, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.

నడక కష్టమైతే ఢిల్లీయే నయం. ఫిబ్రవరిలో చాణక్యపురి శాంతిపథ్ పక్కన పూస్తాయి, దారంతా చదును. రాష్ట్రపతి భవన్ అమృత్ ఉద్యాన్ కూడా ఆ రోజుల్లోనే తెరుస్తారు, ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. ఆన్‌లైన్‌లో స్లాట్ తీసుకుని వెళ్లండి.

కుండీలు_మట్టి (గుంటూరు):
దుంపల సంగతి నేను చెప్తాను. వసంతంలో ట్యూలిప్ దుంపలు కొనకండి. చూసే కాలం వేరు, కొనే కాలం వేరు. మంచి దుంపలు సెప్టెంబరు నుంచి నవంబరు వరకు వస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో స్టాల్లో పెట్టేవి పాత సరుకో, పూత మధ్యలో పీకేసినవో అయి ఉంటాయి.

ట్యూలిప్ దుంప లోపలి మొగ్గకి కాడ సాగాలంటే 12 నుంచి 14 వారాలు 5 డిగ్రీల దగ్గర చలి తగలాలి. మన డిసెంబరు చలి దానికి ఏ మూలకీ చాలదు. సెప్టెంబరు ఆఖర్లో 12 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న గట్టి దుంపలు కొని, చిల్లులు పెట్టిన కాగితం కవర్లో ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ఫ్రీజర్లో వద్దు. పక్కన యాపిల్, అరటిపండు ఉంటే వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకి లోపలే మొగ్గ మాడిపోతుంది. పైన ఆకులు బాగానే వస్తాయి, వాటి మధ్య గోధుమరంగు పొరలాంటి ఎండిన మొగ్గ ఉంటుంది. చాలామంది నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకా పోస్తారు, దాంతో దుంప కుళ్లుతుంది.

జనవరి మొదట్లో ఆరంగుళాల కుండీకి ఐదు చొప్పున, మొన మట్టి మట్టానికి వచ్చేలా నాటండి. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరిపొట్టు), ఇసుక సమపాళ్లు. రెండు వారాలు చల్లని నీడలో ఉంచితే వేళ్లు పడతాయి, ఆ తర్వాత ఉదయపు ఎండ మాత్రమే. పూసినా మన వేడికి నాలుగైదు రోజులే. ఆ దుంప మళ్లీ పూయదు, తీసేయండి.

మేడతోట:
మా ఫ్రిజ్‌లో పండ్లు లేని రోజుండదు. మన ఎండకి తట్టుకునేది ఏదైనా ఉందా?

కుండీలు_మట్టి:
అయితే సియామ్ ట్యూలిప్ పెట్టండి. పేరుకే ట్యూలిప్, నిజానికి పసుపు జాతి. దుగ్గిరాల చుట్టుపక్కల పసుపు పండే వాతావరణం దీనికి చక్కగా సరిపోతుంది. మే నెలలో రెండంగుళాల లోతున నాటితే వానల్లో గులాబీరంగు పూలు వస్తాయి, ఒక్కో పూవు రెండు మూడు వారాలుంటుంది. మధ్యాహ్నం ఎండ తగలనివ్వకండి, ఆకుల అంచులు మాడతాయి. చలికాలంలో ఆకు పండగానే నీళ్లు ఆపేసి దుంప ఎండనివ్వాలి. కొనేటప్పుడు దుంప కింద గోళీల్లా వేలాడే వేరుబుడిపెలు కనీసం మూడు నాలుగు ఉన్నాయో లేదో చూడండి. మొక్కకి తిండి అందులోనే ఉంటుంది. అవి విరిగిన దుంపకి ఆకులొస్తాయి గానీ పూలు తగ్గుతాయి.