కచేరీ పియానిస్టులే సంగీత కళాశాలలో ప్రధాన అధ్యాపకులుగా ఉండాలా?

మంద్రస్థాయి:
సంగీత కళాశాలలు పియానో ఆచార్యులను ఎంచుకునేటప్పుడు ముందుగా చూసేది వారు చేసిన కచేరీలు, గెలిచిన పోటీలు, విడుదలైన రికార్డింగులు. పాఠం ఎలా చెబుతారన్నది ఆ తరువాతి మాట. ఈ వరుస తిరగబడాలని నా వాదన.

నేను చదువుకున్న చోట మా ఆచార్యులు పేరున్న వాద్యకారులు. ఆ పేరు చూసే మేమంతా చేరాం. కచేరీల కాలం మొదలైతే వారాల తరబడి పాఠం ఉండేది కాదు. తిరిగి రాగానే బాకీపడ్డ పాఠాలన్నీ వరుసగా పెట్టేవారు, అప్పటికి ఆయనా అలసిపోయి ఉండేవారు. గంటల లెక్క ఎలాగో సరిపోయేది, పాఠం సరిపోయేది కాదు. కొత్త కృతి పట్టుకున్న తొలి రోజుల్లో వేళ్ల వరుస తప్పితే, చూసి ఆపేవారు లేక అదే చేతికి అలవాటైపోతుంది. ఆ తరువాత దాన్ని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కంటే కష్టం. మణికట్టు బిగబట్టి వాయించే అలవాటైతే మరీ ప్రమాదం, అది నొప్పిగా బయటపడేసరికి నెలలు గడిచిపోతాయి. పద్దెనిమిదేళ్ల విద్యార్థిని వారం వారం దగ్గరుండి చూసే మనిషి కావాలి. ఏడాదిలో సగం ప్రయాణాల్లో ఉండేవారు ఆ పని ఎలా చేస్తారు?

తొలి వరుస:
మంద్రస్థాయి గారూ, మీ బాధ అర్థమైంది కానీ మీరు చెప్పిన మందు నాకు నచ్చలేదు. వేదిక ఎక్కని గురువు నేర్పలేనివి చాలా ఉన్నాయి. వయొలిన్ వాయించేవారు తమ వాద్యాన్ని వెంట తీసుకెళతారు. పియానిస్టుకు ఆ అదృష్టం లేదు. ఏ ఊళ్లో ఏ పియానో ఎదురవుతుందో తెలియదు. మీటల బరువు, పెడల్ లోతు, హాలులో నాదం ఎంతసేపు నిలుస్తుంది అన్నవన్నీ కచేరీకి ముందు దొరికే కొద్దిపాటి సమయంలో పసిగట్టి వాయించే తీరు మార్చుకోవాలి. కాన్చెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్క వాద్యకారుడు ప్రధానంగా వాయించే కృతి) మధ్యలో జ్ఞాపకం తప్పితే ఎక్కడ అందుకోవాలో, ఆర్కెస్ట్రా ముందుకు వెళ్లిపోతుంటే ఏం వదిలేసి ఏం పట్టుకోవాలో, పోయిన వారం ఆ పరిస్థితిలో ఉన్న మనిషి చెబితే వేరుగా ఉంటుంది.

ఫలితాలు కూడా చూడండి. 1980లో వార్సాలో స్వరకర్త షొపాన్ పేరిట జరిగే పియానో పోటీ గెలిచిన డాంగ్ థాయ్ సాన్ శిష్యుడు బ్రూస్ లియూ 2021లో అదే పోటీ గెలిచాడు. 2022లో పద్దెనిమిదేళ్లకే అమెరికాలోని వాన్ క్లైబర్న్ పియానో పోటీ గెలిచిన యున్‌చాన్ లిమ్ గురువు మిన్‌సూ సాన్ కూడా కచేరీలు చేసే వాద్యకారుడే. ఆ గురువు కొరియా నుంచి బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ కన్సర్వేటరీకి (సంగీత కళాశాలకు) మారితే, అప్పటికే ప్రపంచమంతా పిలుస్తున్న ఆ కుర్రవాడు ఆయన వెంటే వెళ్లి అక్కడ చేరాడు. గురువు దగ్గర దొరకనిది ఏదో ఉందని అనుకుంటే అలా వెళ్లేవాడా?

ఎనభై ఎనిమిది మీటలు:
రెండు పేర్లు చెప్పి తేల్చేస్తే ఎలా? నేను ఇంకో పేరు చెబుతాను. రోజినా లెవిన్ 1898లో మాస్కో కన్సర్వేటరీ నుంచి స్వర్ణ పతకంతో బయటికి వచ్చి, పియానిస్టు జోసెఫ్ లెవిన్‌ను పెళ్లి చేసుకుని, తన సోలో కచేరీలు వదులుకున్నారు. భర్తతో కలిసి రెండు పియానోల కచేరీలు చేశారు, ఆయన పర్యటనల్లో ఉన్నప్పుడు శిష్యులను చూసుకున్నారు. 1944లో ఆయన పోయాక న్యూయార్క్‌లోని జూలియార్డ్ సంగీత కళాశాలలో ఆమె తరగతి ప్రపంచ ప్రసిద్ధమైంది. 1958లో మాస్కోలో మొట్టమొదటి చైకోవ్‌స్కీ పోటీ గెలిచిన వాన్ క్లైబర్న్ ఆమె శిష్యుడే. ఆమె సోలో వాద్యకారిణిగా మళ్లీ వెలిగింది వృద్ధాప్యంలో. 1963లో న్యూయార్క్ ఫిల్హార్మనిక్‌తో షొపాన్ కాన్చెర్టో వాయించేనాటికి ఆమెకు 82 ఏళ్లు. అన్ని దశాబ్దాలు సోలో కచేరీల జాబితా లేని మనిషి గొప్ప గురువుగా నిలిచారు. ఈ రోజు ఎంపిక సంఘాల ముందుకు అలాంటి దరఖాస్తు వస్తే మొదటి వడపోతలోనే పోతుంది. మంద్రస్థాయి గారు అడుగుతున్నది ఆ వడపోత గురించే అని నేను అనుకుంటున్నాను.

ఇక రెండో వైపు. మాస్కోలో హైన్రిఖ్ నైహౌస్ తరగతి నుంచి గొప్ప పియానిస్టులు గిలెల్స్, రిక్టర్ ఇద్దరూ వచ్చారు. గిలెల్స్ అదే కన్సర్వేటరీలో ఆచార్యుడయ్యాడు. రిక్టర్ మాత్రం ఏ కళాశాలలోనూ అధ్యాపకుడిగా స్థిరపడలేదు. వాయించడం, నేర్పడం రెండు వేరు ప్రతిభలు. రెండూ ఒకరిలో ఉంటే మంచిదే. ఒకటి ఉంది కాబట్టి రెండోది ఉంటుందని అనుకోవడమే తప్పు.

గంటల వేతనం:
మీరందరూ విద్యార్థి వైపు నుంచే మాట్లాడుతున్నారు. నేను ఈ రెండు పనులూ చేస్తున్నాను కాబట్టి అటు వైపు నుంచి చెబుతాను. కేవలం కచేరీలతో బతికే పియానిస్టులు వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మంది. ఇది ఈనాటి దుస్థితి కూడా కాదు. షొపాన్ జీవితం మొత్తంలో చేసిన బహిరంగ కచేరీలు దాదాపు ముప్పై, పారిస్‌లో ఆయనకు ఇల్లు గడిచింది పాఠాల మీదే. కచేరీకి ఇచ్చే పారితోషికంలో ఏజెంటు వాటా, ప్రయాణం, పన్ను పోగా మిగిలేదాన్ని సాధన చేసిన గంటలతో భాగిస్తే ఎవరికీ చెప్పుకోలేని అంకె వస్తుంది. 2020లో హాళ్లు మూతపడ్డప్పుడు జీతం వచ్చిన వాద్యకారులెవరు? ఏదో ఒక కళాశాలలో శాశ్వత ఉద్యోగం ఉన్నవారు.

ఆ శాశ్వత ఉద్యోగాలు కూడా తగ్గిపోతున్నాయి. చాలా చోట్ల గంటల లెక్కన పిలుస్తారు, సెలవుల్లో వేతనం ఉండదు, వచ్చే ఏడాది పిలుస్తారో లేదో తెలియదు. 2022 జూన్‌లో జర్మనీ సమాఖ్య సామాజిక న్యాయస్థానం ఒక పురపాలక సంగీత పాఠశాలలో అలా పనిచేసిన పియానో ఉపాధ్యాయురాలి విషయంలో, ఆమె స్వతంత్ర వృత్తిదారు కాదని, సామాజిక బీమా వర్తించే ఉద్యోగేనని తీర్పు చెప్పింది. అలాంటి తీర్పు కోసం అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లవలసి వచ్చిందంటే మా పరిస్థితి ఊహించండి.

ఇంకొకటి. రోజంతా ఇతరుల తప్పులు వింటూ కూర్చున్నాక చెవి మొద్దుబారిపోతుంది. రాత్రి మన సాధనకు కూర్చుంటే మన తప్పు మనకు వినపడదు. కచేరీ మానుకుని పాఠాలే చెప్పండని సలహా ఇచ్చేవారికి, ఆ రాత్రి సాధన ఎందుకు వదులుకోలేమో ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. అదే లేకపోతే పగలు చెప్పే పాఠం కూడా ఎండిపోతుంది.

మంద్రస్థాయి:
కచేరీలు మానుకోమని నేను అనలేదు. మీ కష్టాన్ని కాదనడమూ లేదు. కానీ వేతనాల అన్యాయానికి పరిహారంగా విద్యార్థి పాఠాలు పోగొట్టుకోవాలా? సంస్థ చేసిన తప్పును ఇద్దరూ చెరిసగం మోస్తున్నారు. నా ప్రశ్న సంస్థనే.

విరామ చిహ్నం:
సంస్థను అడగాల్సింది ఏమిటో 1878లోనే ఒకావిడ రాసిపెట్టారు. పేరున్న జర్మన్ పియానిస్టు క్లారా షూమన్‌ను ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా పెట్టిన హోఖ్ కన్సర్వేటరీ పిలిచినప్పుడు, స్టుట్‌గార్ట్, హానోవర్, బెర్లిన్ నుంచి కూడా ఆమెకు పిలుపులున్నాయి. ఆమె షరతులు ఇవి: రోజుకు గంటన్నరకు మించి పాఠం చెప్పను, మా ఇంట్లోనే చెబుతాను, ఏడాదికి నాలుగు నెలల సెలవు కావాలి, చలికాలంలో చిన్న పర్యటనలకు అనుమతి కావాలి, ఇద్దరు సహాయకులు కావాలి. ఆ సహాయకుల స్థానాల్లో తన కూతుళ్లు మారీ, యూజినీ ఉండాలని ఆమె ఆలోచన. డైరెక్టర్ యోఆఖిమ్ రాఫ్ అన్నిటికీ ఒప్పుకున్నాడు. ఆ అధ్యాపక వర్గంలో ఆమె ఒక్కరే స్త్రీ, 1892 దాకా ఆ పదవిలో ఉన్నారు.

ఇది పెద్ద పేరున్న మనిషి గొంతెమ్మ కోరికల పట్టీలా కనిపించవచ్చు. నాకు మాత్రం ఇది చాలా నిజాయితీగల ఒప్పందం. ఎన్ని గంటలు ఉంటాను, ఎప్పుడు ఉండను, లేనప్పుడు ఎవరు చూస్తారు అన్నవి మూడూ చేరకముందే తేలిపోయాయి. ఇవాళ కళాశాలల ప్రకటనల్లో ఆచార్యుల ఫొటో ఉంటుంది, ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. మంద్రస్థాయి గారి ఆచార్యులు వెళ్లినప్పుడు ఆ తరగతిని చూడటానికి ఒక మనిషిని నియమించి ఉంటే వేళ్ల వరుస తప్పేది కాదు. ఆయన్ను తీసేయవలసిన అవసరమూ వచ్చేది కాదు.

వాయించడం, నేర్పడం వేరన్న మాటకు ఒక చిన్న చేర్పు. అమెరికన్ పియానిస్టు లియాన్ ఫ్లైషర్ 1959 నుంచి బాల్టిమోర్‌లోని పీబడీ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పారు. 1960ల నడుమ కుడిచేతి వేళ్లు మడుచుకుపోయి రెండు చేతుల కచేరీలు ఆగిపోయాయి. పాఠాలు ఆగలేదు. ముందైతే విద్యార్థిని పక్కకు జరిపి వాయించి చూపగలిగేవారు, ఆ తరువాత అదే సంగతిని మాటల్లో పట్టుకోవలసి వచ్చింది. వేదిక అనుభవమూ, దాన్ని మాటల్లో పెట్టే ఓపికా ఒకచోట చేరిన మనిషి ఆయన. ఎంపిక సంఘాలు ఆ రెండోదాన్ని పరీక్షించవచ్చు కదా? అభ్యర్థి చేత ఒక కచేరీతో పాటు, ముందు ఎన్నడూ చూడని ముగ్గురు విద్యార్థులకు పాఠం చెప్పించి, నెల తరువాత అదే విద్యార్థులకు మళ్లీ చెప్పించాలి. రెండో పాఠంలో అంతా తెలిసిపోతుంది.

తొలి వరుస:
నెల తరువాత మళ్లీ చెప్పించాలన్న ఆలోచన బాగుంది. సహాయకుల విషయంలో మాత్రం నాకు అభ్యంతరం ఉంది. అది అలవాటైతే పెద్దాయన నెలకొక మాస్టర్‌క్లాస్ (అందరి ముందు చెప్పే ఒక పాఠం) ఇస్తారు, మిగతాదంతా సహాయకుల మీద పడుతుంది. జర్మనీలోని వైమార్‌లో పియానిస్టు, స్వరకర్త లిస్ట్ గదినిండా శిష్యులను కూర్చోబెట్టుకుని డబ్బు తీసుకోకుండా నేర్పాడు. వేళ్ల పని ఇంటి దగ్గర చూసుకుని రమ్మనేవాడు. ఆయన డబ్బు తీసుకోలేదు కాబట్టి అది చెల్లింది. ఇక్కడ విద్యార్థి రుసుము కడుతున్నాడు.

ఎనభై ఎనిమిది మీటలు:
సహాయకులు లేకపోతే ఇప్పుడు జరుగుతున్నది ఆన్‌లైన్ పాఠం. హోటల్ గది నుంచి ఫోను ముందు కూర్చుని వింటారు. మాట స్పష్టంగా వినిపించడానికి చేసిన యాప్‌లు పెద్ద నాదాన్ని తగ్గించి, చిన్న నాదాన్ని పెంచి అంతా ఒక మట్టానికి తెస్తాయి. సగం పెడల్ వేశారో పూర్తిగా వేశారో తెలియదు. స్వరం తప్పిందా లేదా అన్నంత వరకే అది పాఠం. కళాశాలలు దాన్ని పూర్తి పాఠం కింద లెక్క రాసుకోవడం ముందు ఆపాలి.

గంటల వేతనం:
దాన్ని ఆపితే ఆ గంటలకు మా వేతనం కూడా ఆపుతారు. విరామ చిహ్నం గారు చెప్పిన ఒప్పందం శాశ్వత ఆచార్యులకు కుదురుతుంది. గంటల లెక్కన పనిచేసేవారికి సెలవుకు అనుమతి, సహాయకుడు ఎవరిస్తారు? ఆ రెండు వర్గాలకూ ఒకే నియమం ఎలా రాయాలో ఇక్కడ ఎవరైనా చెప్పగలిగితే, మా విభాగం సమావేశంలో నేనే ప్రతిపాదిస్తాను.