‘మనిషికి మనిషే తోడేలు’: హాబ్స్ అన్నది ఇంతేనా?

‘మనిషికి మనిషే తోడేలు’ అన్న వాక్యాన్ని 17వ శతాబ్దపు ఇంగ్లీష్ తత్వవేత్త థామస్ హాబ్స్ పేరున ఉదహరించి, మనిషి పుట్టుకతోనే దుర్మార్గుడని ఆయన తేల్చేశాడని చెప్పడం పరిపాటి అయింది. మనిషి స్వభావం గురించిన చర్చలు తరచూ ఆ దారే పడతాయి కనుక, అసలు వాక్యాన్ని ఒకసారి చూడడం మంచిది.

ఈ మాట హాబ్స్ సొంతం కాదు. రోమన్ నాటకకర్త ప్లౌటస్ రాసిన ‘అసినారియా’ అనే హాస్యనాటకంలో, ముక్కూ మొహమూ తెలియనివాడొకడు వచ్చి తానే ఆ ఇంటి పెత్తనదారునని నమ్మబలుకుతూ సొమ్ము ఇమ్మంటే, ససేమిరా ఇవ్వనన్న వర్తకుడి మాట ఇది. అవతలివాడు ఎలాంటివాడో తెలియనప్పుడు మనిషికి మనిషి తోడేలే అని అతడి భావం. ఆ షరతు కాస్తా జారిపోయి, మిగిలిన ముక్క లోకోక్తిగా స్థిరపడింది.

హాబ్స్ దీన్ని వాడింది తన ప్రసిద్ధ గ్రంథం ‘లెవయాథన్’లో కాదు, 1642లో పారిస్‌లో లాటిన్‌లో వెలువడిన ‘డి సీవే’ (‘పౌరుడి గురించి’) అనే గ్రంథపు అంకిత లేఖలో. అక్కడ మనిషికి మనిషి దేవుడి వంటివాడన్న మాటనూ దీని పక్కనే ఉంచి, రెండూ నిజమేనంటాడు: దేవుడన్న మాట ఒకే రాజ్యపు పౌరుల మధ్య, తోడేలన్న మాట రాజ్యానికీ రాజ్యానికీ మధ్య. సగం వాక్యాన్ని ఉదహరించి ఆయనను మానవద్వేషిని చేయడం అన్యాయమే.

1651 నాటి ‘లెవయాథన్’ 13వ అధ్యాయంలోనూ ధోరణి ఇదే. కలహానికి మూలాలుగా పోటీని, అపనమ్మకాన్ని, కీర్తికాంక్షను పేర్కొన్నాక, సందేహించే పాఠకుణ్ణి ఆయన సూటిగా అడుగుతాడు: చట్టాలూ అధికారులూ ఉన్నారని తెలిసి కూడా ప్రయాణంలో ఆయుధం ఎందుకు పట్టుకుంటావు, పడుకునేముందు తలుపులెందుకు బిగిస్తావు, సొంత ఇంట్లోనే పెట్టెలకు తాళాలెందుకు వేస్తావు? ఆ వెంటనే, మనిషి కోరికలూ ఉద్వేగాలూ వాటంతట అవి పాపం కావని కూడా అంటాడు. ప్లౌటస్ వర్తకుడి భయమే ఇక్కడ రాజనీతి సిద్ధాంతమైందని నాకనిపిస్తుంది.

హాబ్స్ బలహీనత ఈ వర్ణనలో లేదు, దానికి విరుగుడుగా ఆయన సూచించిన ఎదురులేని సార్వభౌమాధికారంలో ఉంది. 1689లో వెలువడిన, మరో ఇంగ్లీష్ తత్వవేత్త జాన్ లాక్ రాసిన ‘టూ ట్రీటిసెస్ ఆఫ్ గవర్నమెంట్’ రెండో భాగం దెబ్బకొట్టింది అక్కడే: నక్కల వంటి చిన్న జంతువుల బారినుంచి తప్పించుకోవాలని చూసే మనుషులు, సింహాల నోట, అంటే ఎదురులేని పాలకుడి చేతిలో, పడడమే క్షేమమనుకునేంత మూర్ఖులా అని లాక్ ఎత్తిపొడిచాడు.