విల్లా కాంపౌండ్ గోడకి తాపీ మేస్త్రీ: రేటు ఎలా మాట్లాడాలి, పనిలో ఏం చూడాలి?

నార్సింగి_తోట
హైదరాబాద్ నార్సింగిలో గేటెడ్ కమ్యూనిటీ. వెనక వైపు 60 అడుగుల పొడవు, 5 అడుగుల ఎత్తున 9 అంగుళాల ఎర్ర ఇటుక గోడ కట్టించాలి. ప్లింత్ బీమ్ (గోడ కింద పునాది మీద వేసే కాంక్రీట్ దూలం) ఉంది. ఒక మేస్త్రీ రోజు కూలి అంటున్నాడు, ఒకరు రన్నింగ్ ఫీట్ (గోడ పొడవు అడుగుల లెక్క), ఇంకొకరు మెటీరియల్‌తో సహా గుత్త. ఏది మేలు?

రసమట్టం
గుత్త వద్దండి. మన ఏరియాలో గేటు చూసి రేటు చెప్తారు, అందులో ఏం కలిసిందో మాత్రం చెప్పరు. మెటీరియల్ మీరు కొనండి, లేబర్ చదరపు అడుగు లెక్కన ఇవ్వండి. రన్నింగ్ ఫీట్ అయితే ఎత్తు మారినప్పుడల్లా పేచీ.

కాగితం మీద ఇవి రాయించుకోండి: పరంజా ఎవరిది, ప్లాస్టరింగ్ ఒక వైపా రెండు వైపులా, నీళ్ళు కొట్టేది ఎవరు, రద్దు (పనిలో మిగిలిన చెత్త) ఎత్తేది ఎవరు. అన్నిటికన్నా ముఖ్యం మోత కూలి. చాలా కమ్యూనిటీల్లో లారీని లోపలికి రానివ్వరు. ఇటుక గేటు దగ్గర దిగితే అక్కడి నుంచి మోయడానికి విడిగా అడుగుతారు. పని వేళలు, గేట్ పాస్‌ల సంగతి కూడా అసోసియేషన్‌తో ముందే తేల్చుకోండి.

ఇటుక_లెక్క
మీ గోడ 300 చదరపు అడుగులు. మన 9×4×3 ఇటుకకి 9 అంగుళాల గోడలో చదరపు అడుగుకి 9 పడతాయి. అంటే 2,700, విరిగేవి కలిపి 2,900 తెప్పించండి. 1:6 మాలుకి (ఒక పాలు సిమెంట్, ఆరు పాళ్ళు ఇసుక కలిపి నీళ్ళు పోసింది) సిమెంట్ 10–11 బస్తాలు, ఇసుక 75 ఘనపుటడుగులు చాలు. మేస్త్రీ 20 బస్తాలు అడిగితే ఎందుకో అడగండి.

లోడు దిగేటప్పుడే చూడండి. రెండు ఇటుకలు కొడితే ఖంగుమనాలి, గోరుతో గీస్తే గీత పడకూడదు, నడుము ఎత్తు నుంచి మట్టి నేల మీద వదిలితే ముక్కలు కాకూడదు.

సైట్_సూపర్‌వైజర్
పైన చెప్పినవన్నీ సరే. నాకు తెలిసి గోడ చెడేది మాలు దగ్గరే.

బస్తా సిమెంట్ అంటే 1.25 ఘనపుటడుగులు. ఆ కొలతకే ఒక పెట్టె చేయించి ఆరు పెట్టెల ఇసుక పోయించండి. గమేళాలతో పోస్తే ఒక్కోటి ఒక్కోలా నిండుతుంది, సాయంత్రానికి 1:6 కాస్తా 1:8 అవుతుంది. ముందు పొడిగా రంగు ఒకేలా వచ్చేదాకా తిప్పి, తర్వాతే నీళ్ళు. భోజనానికి ముందు కలిపి వదిలేసిన మాలుకి మళ్ళీ నీళ్ళు కొట్టి వాడతారు, అది ఒప్పుకోవద్దు. గంటలో అయిపోయేంతే కలపాలి.

ఇటుక ముందే తొట్టిలో నానాలి, కట్టేటప్పుడు పైన తడి మెరవకూడదు. పొడి ఇటుక మాలులో నీళ్ళు లాగేస్తుంది, సిమెంట్ గట్టిపడదు. తర్వాత ఆ అతుకు గోరుతో గీస్తే పొడిలా రాలుతుంది.

రెండో మోసం నిలువు అతుకులు. బయట అంచున మాలు పూసి లోపల గుల్లగా వదిలేస్తారు. సన్నటి చువ్వ గుచ్చి చూడండి, లోపలికి దిగితే ఆ వరస విప్పించండి. మధ్యలో ముక్కలు వేసి నింపుతున్నాడేమో కూడా గమనించండి.

నార్సింగి_తోట
ఇద్దరు మేస్త్రీలను పెడితే ఎన్ని రోజులు?

సైట్_సూపర్‌వైజర్
ఒక మేస్త్రీకి సరిపడా హెల్పర్లు ఉంటే రోజుకి 500 ఇటుకల దాకా కడతాడు. కాబట్టి కట్టుబడి మూడు రోజులు. గోడంతా సమంగా లేపాలి. ఒక మూల రోజులోనే ఐదడుగులూ లేపేస్తే కింది వరస పచ్చిగా ఉండి గుండు తప్పుతుంది, అంటే గోడ నిటారుగా ఉండదు. మధ్యలో ఆపాల్సి వస్తే మెట్లు మెట్లుగా వదలమనండి. ప్లాస్టరింగ్ చేయించేట్టయితే అదే రోజు సాయంత్రం అతుకులు అర అంగుళం లోపలికి గీకించండి, ఎండాక గీకితే ఇటుక కదులుతుంది.

కొల్లూరు_రేగడి
మా వైపు నల్లరేగడి. వానాకాలం ఉబ్బి ఎండాకాలం కుంగుతుంది, పొడుగాటి గోడ ఎక్కడో ఒకచోట నిలువునా చీలుతుంది. 20–25 అడుగులకోసారి అర అంగుళం సందు వదిలి, రెండు పక్కలా పిల్లర్ పెట్టించండి. లాన్ కోసం లోపల మట్టి ఎత్తు చేస్తే గోడకి 3 అంగుళాల పైపు ముక్కలు ఐదారడుగులకొకటి పెట్టాలి, లేకపోతే నీళ్ళు నిలిచి గోడ బయటికి వంగుతుంది.

నార్సింగి_తోట
ఖర్చు తగ్గుతుందని ఒకాయన నాలుగంగుళాల గోడ చాలన్నాడు.

ఇటుక_లెక్క
ఇటుక సగమే పడుతుంది, నిజమే. కానీ మాలు 1:4 కావాలి, ప్రతి మూడడుగుల ఎత్తుకి రెండు 8 ఎంఎం చువ్వలతో కాంక్రీట్ పట్టీ కావాలి, పిల్లర్లు దగ్గర దగ్గరగా రావాలి. మిగిలేది మీరు అనుకున్నంత ఉండదు. తొమ్మిదే కట్టించండి. పైన వాలుగా రెండంగుళాల కోపింగ్ (గోడ తలకి కాంక్రీట్ మూత), అంచు కింద నీటి గాడి మర్చిపోవద్దు.

రసమట్టం
డబ్బు సంగతి: అడ్వాన్సు పది శాతం దాటొద్దు. తర్వాత కట్టినంత కొలిచి వారానికోసారి. చివరి పది శాతం క్యూరింగ్ (గోడ తడిపి గట్టిపడనివ్వడం) అయ్యాకే. ఏడు రోజులు గోడ ఎప్పుడూ తడిగా ఉండాలి, ఎండాకాలం గోనె సంచులు కప్పి రోజుకి మూడుసార్లు కొట్టండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ట్యాంకర్ తెప్పించండి, లేదంటే తెల్లగా పూత పూసి పెయింట్ పొరలు పొరలుగా లేస్తుంది.